ఆసక్తి తరగతి

పని లేక ప్రభుత్వ భత్యం మీద బతికేవాళ్ళకి పని మీద ఆసక్తి పుట్టించాలని ఆఫీసువాళ్ళు ఒక తరగతి పెట్టారు. రాకపోతే భత్యం ఆగిపోతుంది కనుక అందరూ ఎంతో ఆసక్తిగా వచ్చేవారు.

ఆ రోజు పాఠం ‘పొద్దున్నే లేవడం ఎలా’. సారు ఆలస్యంగా వచ్చాడు. చెమట తుడుచుకుని, ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అని బోర్డు మీద రాసి, అందర్నీ కూర్చోమన్నాడు. ముందు వరసలో తాపీ మేస్త్రి ఉన్నాడు. మోకాళ్ళు అరిగేదాకా ఊళ్ళో వాళ్ళకి ఇళ్ళు కట్టినవాడు. కోడి కంటే ముందు లేచే అలవాటు ఇప్పటికీ పోలేదు కాబట్టి పాఠం మధ్యలో కునుకు తీశాడు. ఆయన పక్కన మిషనక్క. కుట్టుమిషను ముందు కూర్చుంటే తిండి కూడా గుర్తుండదని ఆమెకా పేరు. ఆమె పనిచేసిన బట్టల కంపెనీ మూతపడింది. ఇంట్లో అత్త, కాలు విరిగి మంచమెక్కిన మొగుడు. ముగ్గురికీ ఆ భత్యమే ఆధారం.

పాఠం అయ్యాక ఆమె లేచి నిలబడింది.

“సారూ, సోమవారం నాకు సెలవు కావాలి.”

“ఒంట్లో బాలేదా అమ్మా?”

“బానే ఉందండి. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో మనిషి కావాలంట. సోమవారం వచ్చి కుట్టి చూపించమన్నారు. నచ్చితే పెట్టుకుంటారు.”

సారు ముఖం చిన్నబోయింది. “పని కోసం సెలవా? రూల్సులో లేదమ్మా. జబ్బు చేస్తేనే సెలవు.”

“ఈ తరగతి పని కోసమే కదండీ?”

“అవును. పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఇస్తాం. పని వెతుక్కోవడం ఆ తర్వాత.”

మేస్త్రి కళ్ళు తెరిచాడు. “నీకర్థం కాలేదమ్మాయ్. ముందు పద్ధతిగా ఆకలి పుట్టాలి. అన్నం కనబడిందని అలా తినేస్తే ఎలా?”

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి, తర్వాత ఎందుకు నవ్వానా అన్నట్టు బోర్డు తుడవడం మొదలుపెట్టాడు.

తరగతి మానితే ఉన్న భత్యం పోతుంది, షాపు మానితే రాబోయే పని పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మిషనక్క ఆదివారం డాక్టరు దగ్గరికి వెళ్ళి, నడుము నొప్పి వల్ల ఒక రోజు ఏ పనీ చేయకూడదని చీటీ రాయించుకుంది. అత్త ఆ సంగతి విని ముక్కున వేలేసుకుంది.

“కుర్చీలో కూర్చోడానికి కూడా నడుం నొప్పేనా? మా కాలంలో ఇంత సుఖమైన నొప్పులు లేవు తల్లీ.”

సోమవారం పొద్దున, పని చేయకూడదన్న చీటీ మేస్త్రి చేతికిచ్చి సారుకి పంపి, మిషనక్క పనికి వెళ్ళింది.

షాపాయన ఆమె ముందు కాలర్ల గుట్ట పోశాడు. సాయంత్రం ఒక కాలరు తీసి, తిరగేసి, మొనలు గోటితో గీకి చూశాడు. లోపం దొరకనందుకు కాస్త నొచ్చుకున్నట్టు, “సరే, రేపట్నుంచి రా. జీతం నెలాఖరుకి,” అన్నాడు.

పని దొరికిందని చెప్పుకుంటే మొదటి జీతం అందేదాకా భత్యం ఆపరని రూలు ఉంది. అందుకే మర్నాడు షాపుకి వెళ్తూ తరగతి దగ్గర ఆగింది.

“దొరికిందా!” అని సారు కంప్యూటరు ముందుకు పరుగెత్తాడు. ఈ మాట అతని తరగతిలో ఎవరూ ఇంతవరకు అనలేదు. తెర మీదకి వంగి వెతికాడు. “తరగతి మానడానికి కారణం... జబ్బు... ఊరు మారడం... మరణం...” కిందికి ఇంకేవో ఉన్నాయి గానీ, పని దొరకడం మాత్రం లేదు.

“మరణం నొక్కకండి సారూ,” అన్నాడు మేస్త్రి వెనకనుంచి. “మనిషి ఎదురుగానే ఉంది.”

“పని దొరికితే ఆపరని రూలుంది కదండీ?” అంది మిషనక్క.

“రూలు రాసినవాళ్ళు వేరు, కంప్యూటరు చేసినవాళ్ళు వేరమ్మా.” సారు తల గోక్కున్నాడు. “నీకు ఆలస్యమవుతోంది, వెళ్ళు. దగ్గరగా ఉన్నదేదో చూసి నేను నొక్కుతాలే.”

శుక్రవారం మధ్యాహ్నం ఆమె మిషను మీద ఉండగా ఫోనుకి కబురొచ్చింది. ‘పని పట్ల ఆసక్తి చూపనందున మీ భత్యం తక్షణమే నిలిపివేయడమైనది.’

రెండోసారి చదివినా అదే ఉంది. నెలాఖరు ఇంకా దూరం. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది. లేచి షాపాయన బల్ల దగ్గరికి వెళ్ళింది.

“బాబాయిగారూ, కొంచెం అడ్వాన్సు కావాలండి.”

“వారం తిరక్కుండానే అడ్వాన్సా?”

ఆమె ఫోను చూపించింది. షాపాయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఫోను వంకా ఆమె వంకా అనుమానంగా చూశాడు.

“నీకు పని మీద ఆసక్తి లేదంటున్నారే! ప్రభుత్వంవాళ్ళు ఊరికే రాస్తారా?”

“లేదనే అనుకోండి,” అంది మిషనక్క. “ఆసక్తి లేకుండానే ఆ గుట్టంతా కుట్టాను. కాలర్లకి డబ్బులివ్వండి చాలు. ఆసక్తికి మీరేమీ ఇవ్వక్కర్లేదు.”

పక్క మిషన్లు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. షాపాయన అటు ఉరిమి చూసి, తర్వాత ఆమె మిషను పక్కన ఇంకా కుట్టాల్సిన గుట్ట వైపు చూశాడు. ఆ చొక్కాలు సోమవారానికల్లా బడికి చేరాలి.

“నోటికి మాత్రం ఆసక్తి బాగానే ఉంది నీకు,” అని గొణుగుతూ సొరుగు తాళం తీసి, ఆమె అడిగినదాంట్లో సగం చేతిలో పెట్టాడు.