కొత్తది కదా

దుర్గ్‌లో పెళ్లికని కారు తీసుకెళ్లి అల్లుడు శామ్ ఏసీ తగలేశాడని సత్యరాజు తాముండే సెక్టర్ 2 కాలనీ అంతా చాటాడు. మెకానిక్కెందుకు, తనే చూస్తానని ఆదివారం చర్చి నుంచి రాగానే డ్యాష్‌బోర్డు కింద తల దూర్చాడు. మోటారు తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. ఏసీ ఫిల్టరు బయటికి లాగాడు. దాని ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. కారు శామ్‌కి ఇచ్చే ముందు రోజు ఆ కొత్త ఫిల్టరు బిగించింది తనే. సీట్ల కవర్లు ఉంచినట్టే, కొత్తది మాసిపోకూడదని దీనిదీ ఉంచేశాడు.

టార్చి పట్టుకున్న శామ్ కవరు తీసి జేబులో కుక్కుకుని, ఫిల్టరు అందించాడు. బిగించగానే చల్లగాలి తన్నుకొచ్చింది.

"ఏటైంది నాన్నా?" గుమ్మంలోంచి అడిగింది సత్యరాజు కూతురు డైసీ.

"నేనే ఏటో కదిపీసినాను. మావయ్య బాగుచేసీసినారు," అన్నాడు శామ్.

పనైపోయినా సత్యరాజు డ్యాష్‌బోర్డు కింది నుంచి తల బయటపెట్టలేదు.