సావుకారు దాచుకున్న నిద్ర

1938, ఎండలు ముదిరిన కాలం. సావుకారు రోజూలాగే పొద్దున్నే తన నూలు మిల్లంతా తిరిగి, బాయిలరు దగ్గర మేస్త్రీతో కాసేపు పోట్లాడి, ఎదురుగా ఉన్న తన నిద్ర బ్యాంకుకి వచ్చాడు. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు అప్పటికే వరస కట్టారు. ఖర్చుకాని రాత్రి నిద్రని ఒక్కొక్కరూ సీసాలోకి ఆవలించి మూత బిగిస్తే, గుమాస్తా చీటీ అంటించి లోపల పెట్టేవాడు. సెలవునాడు తీసుకుంటే, వడ్డీ కింద ఇంకో కునుకు కలిసేది.

వాళ్ళని చూసి చూసి గుమాస్తాకీ ఆవలింతలు.

"నువ్వూ ఓ ఖాతా తెరువు, ఊరికే పోతోంది," అన్నాడు సావుకారు.

మిల్లూ బ్యాంకూ కట్టిన రోజుల్లో, ఆ తర్వాత ధర్మాసుపత్రి కట్టినప్పుడూ, ఆయన పడుకోకుండా దాచిందంతా ఇనప బీరువాలో ఉంది. అరవై దాటాక ఆయనకి కొత్తగా నిద్ర పుట్టడం మానేసింది. రోజుకో సీసా వాసన చూసి పడుకునేవాడు.

ఆ ఏడు కూలీల ఇళ్ళలో ఓ జ్వరం పాకింది. పిల్లలకి కన్ను మూతపడదు. అమ్మానాన్నలు తమ సీసాలన్నీ వాడేశారు, చాల్లేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది.

"నిద్ర పడితేనే మందు పనిచేస్తుందండీ. ఇవాళ పట్టకపోతే సగంమంది దక్కరు."

"మన దగ్గర వర్తకులు దాచుకున్న సీసాలు బోలెడున్నాయండీ," గుమాస్తా గొంతు తగ్గించాడు. "తర్వాత నింపేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. నా బీరువా తియ్యి."

భోజనం క్యారేజీ తెచ్చిన సావుకారు భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "మొత్తమా? కొన్నన్నా ఉంచుకోండి."

"ఏ పిల్ల దగ్గర ఆపమంటావే?"

"మరి మీ సంగతి?"

"నా గురక గోల నీకు తప్పుతుందిలే."

ఆవిడ నవ్వలేదు. క్యారేజీ కింద పెట్టి, సీసాల బుట్ట ఎత్తుకుంది.

వార్డులో నర్సులు ఒక్కో మంచం దగ్గరా మూతలు తీశారు. మిల్లులో నూలు కండెలు చుట్టే ఆమె కూతురికి ముందుగా రెప్పలు వాలాయి. తల్లి భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. అలాగే నేల మీద కూలబడి, కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. కాసేపటికి వార్డంతా గురక. పాలుతాగే పిల్ల కూడా ముసలి గొంతుతో గురకపెడుతోంది.

"అచ్చం మీదే," అంది భార్య, పక్కనే నిలబడ్డ సావుకారుతో. ఈసారి నవ్వింది.

తెల్లారేసరికి అందరికీ చెమటపట్టి జ్వరం దిగింది. ఒక్కరూ పోలేదు.

సావుకారు ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు. ఒక్క రాత్రీ నిద్రపోలేదు.