ఎనిమిదో ప్రశ్న కింద టిక్కు

"ఖరీదైన గుడ్డ చూస్తే నీకు చెయ్యి వణుకుతుందటగా?" అన్నారు ఓనరు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఆ సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు నేను.

"ఎవరు చెప్పారండీ?"

"మీ అక్కే. శనివారం పొద్దున వచ్చి చెప్పింది. నీ మీద ప్రేమతోనేలే. మాస్టారి బల్ల ఆమెకే ఇస్తున్నాను. నువ్వు మిషను మీదే ఉండు."

నేనూ అక్కా పనిచేసేది కోట్లు కుట్టే కార్ఖానాలో. కటింగ్ మాస్టారు ఈ నెలాఖరుకి పని మానేస్తున్నారు. కిటికీ పక్కనున్న ఆయన బల్ల దగ్గర మూడేళ్లపాటు, మధ్యాహ్నం తిండి మింగీ మింగకుండా పరిగెత్తి, నిలబడి కత్తెర పట్టడం నేర్చుకున్నాను. అక్క కూడా వచ్చేది, ఓపిక ఉన్న రోజున. "నా తర్వాత నువ్వే" అని మాస్టారు నలుగురిలో నాతోనే అన్నారు.

ఇక నోటుబుక్కుల సంగతి. ఆ సరదా అక్కదే. ఏదో వారపత్రికలోంచి పది ప్రశ్నలు కత్తిరించి తెచ్చింది. "ఊళ్లో అందరి గుట్టూ తెలుసు మనకి, మన గుట్టు తప్ప. మనల్ని మనం తెలుసుకోవద్దూ?" అంది. వారానికో ప్రశ్న. శుక్రవారం వెనక మెట్ల మీద నోటుబుక్కులు మార్చుకుంటాం, సోమవారం తిరిగి ఇచ్చుకుంటాం. చదివాక జవాబు కింద టిక్కు పెట్టి తేదీ వెయ్యాలి. కుట్టు సరిచూశాక కోటు చీటీ మీద మేము రోజూ చేసే పనే అది. మూడో మనిషికి చెబితే నీ మీద ఒట్టు అని కూడా అంది మహాతల్లి.

నాలుగో ప్రశ్న: దేనికి భయపడతావు? బల్లి అని రాసి ఊరుకోవచ్చు. నేనేమో కడుపులో ఉన్నదంతా కక్కేశాను. 'ఖరీదైన గుడ్డ మీద మొదటి కత్తెర వేసేటప్పుడు చెయ్యి వణుకుతుంది. అందుకే గీతకి సగం వేలంత అవతల కోసి, తర్వాత సరిచేస్తాను.' రాశాక గుండె తేలికైంది. మూడేళ్లలో ఒక్క ముక్క కూడా పాడుచెయ్యలేదని మాత్రం రాయలేదు. ప్రశ్న అది అడగలేదుగా మరి.

ఇవాళ సోమవారం. ఓనరు గదిలోంచి వెళ్లేసరికి వెనక మెట్ల మీద అక్క తిండి ముగించి డబ్బా మూత పెడుతోంది.

"ఎందుకు చెప్పావక్కా?"

"లేనిది కల్పించానా ఏంటి? నువ్వు రాసిందేగా. రేపు ఏ కోటో పాడైతే నీ పరువే పోతుంది. నీ మంచికే చెప్పాను."

"నా మంచి నన్ను అడిగి చెయ్యకూడదూ?"

"అదిగో, మొదలెట్టావు" అంటూ సంచిలోంచి నా నోటుబుక్కు తీసి ఒళ్లో పడేసి లోపలికి వెళ్లిపోయింది. తన నోటుబుక్కు అడగనైనా లేదు.

అది నా సంచిలోనే ఉంది. అక్కడే కూర్చుని తీసి అక్క జవాబులు మళ్లీ చదివాను. దేనికి భయపడతావు? 'నీకేమైనా అవుతుందేమోనని.' నీకు ఏం కావాలి? 'నువ్వు సంతోషంగా ఉండటం.' మొదటిసారి చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్ని. ఇప్పుడు ఒళ్లు మండింది. ఒక్క జవాబులోనూ అక్క లేదు. ఆ రెండో జవాబు పైన మాత్రం ఒక కొట్టివేత ఉంది. వెలుతురుకి పట్టి చూస్తే 'మాస్టారి బల్ల' అని కనబడుతుంది.

అది నాకు కొత్త కాదు. ఆనాడు టిక్కు పెడుతున్నప్పుడే చూశాను. అడగలేదు. అడిగితే నాకూ కావాలని చెప్పాల్సి వస్తుంది. మాస్టారు నా వైపే ఉన్నారు కదా, ఎందుకొచ్చిన గొడవలే అనుకున్నాను. నన్ను నేను తెలుసుకోవడమంటే ఇదే అయితే, తెలిసింది. అయినా ఆ కొట్టివేత పట్టుకుని నేను ఓనరు గదికి వెళ్లలేదు. అక్క వెళ్లింది.

నా నోటుబుక్కు తెరిచాను. పోయిన వారానిది ఎనిమిదో ప్రశ్న: నీ గుట్టు ఎవరి దగ్గర భద్రంగా ఉంటుంది? ఆలోచించకుండా రాసిన జవాబు నాది. 'మా అక్క దగ్గర.'

దాని కింద అక్క టిక్కు. శుక్రవారం తేదీ. చదవకుండా వెళ్లి ఉన్నా కాస్త నయంగా ఉండేది. చదివింది, టిక్కు పెట్టింది, హాయిగా నిద్రపోయి లేచి, శనివారం పొద్దున ఓనరు గదికి వెళ్లింది.

లోపల గంట కొట్టారు. పెన్సిలు తీసి, అక్క టిక్కు పక్కనే, ఆ జవాబు సరిచూసినట్టు నేనూ ఒక టిక్కు పెట్టి, ఇవాళ్టి తేదీ వేశాను.