నాలుగో కొమ్ము

కాగితం మిల్లులో కొత్త జనరేటర్ బిగించారు. మిల్లు వాడుకోగా మిగిలిన కరెంటును గ్రిడ్ లైన్లోకి ఎక్కించాలి. మధ్యలో వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కావాలి. దాన్ని ఎంపిక చెయ్యడానికి ఏడుగురు పెద్దలు కూర్చున్నారు. ఆ ఏడుగురిలో ట్రాన్స్‌ఫార్మర్ మూత విప్పి చూసినవాడు ఒక్కడూ లేడు. చూసిన మనిషికి కుర్చీ వెయ్యలేదు. ఆవిడ ఇరవై రెండేళ్లుగా టెస్టింగ్ ఫోర్‌మన్. ఎక్కడ కరెంటు లీకైనా పట్టేసే మీటరు పేరే ఆవిడకు పెట్టి మెగ్గరక్క అంటారు. సంతకం కోసం పిలిచి గోడవార నిలబెట్టారు.

"స్టోరు వెనక పాతది పడుందిగా" అన్నాడు మేనేజరు. "అప్పట్లో బయటి కరెంటు లోపలికి తెచ్చేది. ఇప్పుడు లోపలిది బయటికి పంపుతుంది, అంతే. నిన్న పెయింట్ కూడా వేయించాను."

ఏడు తలలూ ఊగాయి. పెయింట్ అర్థమైంది మరి.

"దానికి లైను వైపు ఎన్ని కొమ్ములో చూశారా సార్?" అంది మెగ్గరక్క.

"కొమ్ములేంటమ్మా, అదేమన్నా గేదా?"

నవ్వారు. జీతంలో అదీ భాగమే.

"తీగలు బిగించే పింగాణీ కొమ్ములు. మిల్లు వైపు నాలుగు, లైను వైపు మూడే. ఆ నాలుగోది న్యూట్రల్, దాన్నే భూమికి కడతాం. లైను వైపు అది లేకపోతే తీగ తెగి నేలమీద పడ్డా మన జనరేటర్‌కి తెలీదు. సబ్‌స్టేషన్ వాళ్లు అటు ఆపేసినా మనం ఇటు నుంచి కరెంటు తోస్తూనే ఉంటాం."

"న్యూట్రల్ అంటే ఎటూ కానిదనేగా?" అన్నాడు మేనేజరు. "ఎటూ కానిదానికోసం కొత్తది చేయించి, ఆర్నెల్లు ఆగమంటావా?"

గుమస్తా మినిట్స్ పుస్తకంలో 'న్యూట్రల్ అనవసరం' అని రాసి కింద గీత కూడా కొట్టాడు.

ఆ లైను స్తంభాలెక్కేది మెగ్గరక్క తమ్ముడు. "మీ మిల్లు కరెంటు నన్నేం చెయ్యదుగా అక్కా" అని పొద్దునే నవ్వి వెళ్లాడు.

ఆవిడ సంతకాల కాగితం తీసుకుని అడుగున ఒక వాక్యం రాసింది. "ఈ ఒక్క ఖాళీ పూరించండి సార్, సంతకం పెట్టేస్తా."

'తెగిన తీగను మొదట ముట్టుకునేవారి పేరు:'

కాగితం బల్ల చుట్టూ తిరిగింది. స్టోర్సాయన కళ్లద్దాలు తెచ్చుకోలేదన్నాడు. అవి ఆయన ముక్కు మీదే ఉన్నాయి. కొనుగోళ్లాయన ఇది తన శాఖ కాదన్నాడు. మిగతావాళ్లు ఆ మాత్రం కూడా అనకుండా పక్కకు నెట్టారు.

"ఎవరో లైన్‌మన్ పేరు రాసేస్తే పోలా" అన్నాడు మేనేజరు.

"ఆ లైన్‌మన్ నా తమ్ముడే. రాయండి. రాసినవాళ్లు పక్కన సంతకం పెట్టండి."

పెన్ను ఎవరూ ముట్టలేదు. అదే తెగిన తీగ అయినట్టు చూశారు.

"అయితే అందరూ న్యూట్రలే అన్నమాట" అంది మెగ్గరక్క. "బల్ల చుట్టూ ఏడుగురున్నారు. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక్కటి పెట్టడానికేం ఏడుపు?"

మేనేజరు గొంతు సవరించుకుని గుమస్తా వైపు చూశాడు. గుమస్తా తెలివైనవాడు. వాక్యమంతా కొట్టెయ్యలేదు. 'అనవసరం'లో 'న' ఒక్కటీ కొట్టేశాడు.

"నేను మొదట్నుంచీ అంటున్నది అదేగా" అన్నాడు మేనేజరు. ఏడుగురూ సంతకాలు చేశారు. ఈసారి కళ్లద్దాలు ఎవరూ మర్చిపోలేదు.

మెగ్గరక్క కొత్త ఆర్డరులో 'లైను వైపు నాలుగు' అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించి, అప్పుడు పెట్టింది సంతకం.