తాతయ్య ఎడమ చెవి

మా తాతయ్య ఒక సైన్యాన్ని మొత్తంగా క్షమించేశారు. యుద్ధంలో తమ మీద గుండ్లు కురిపించిన సైన్యాన్ని. శాంతి సంఘం సభ ఎప్పుడు జరిగినా ఆ మాట చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. సైన్యాన్ని క్షమించడం తేలికే. అది ఇంటికొచ్చి కుర్చీలో కూర్చోదు కదా.

ఆయన ఎడమ చెవి ఆ యుద్ధంలోనే పోయింది. కందకంలో గుండు పడితే పక్కనున్న స్నేహితుడు చనిపోయాడు. అతని ఫొటో మా ముందు గదిలో ఉంది. తాతయ్యకి చెవుడు మిగిలింది. దాన్నాయన ఏమాత్రం వృథా చెయ్యలేదు. ఎవరి మాటలు వినడం ఇష్టం లేదో వాళ్ళందరినీ ఎడమవైపు కూర్చోబెడతారు. కరెంటు బిల్లు గురించి నానమ్మ, కొత్త సైకిల్ గురించి నేను, అందరం అటువైపు వాళ్ళమే.

సభకి ముందురోజు అవతలి పక్షం మాజీ సైనికుడొకాయన మా ఇంట్లో దిగారు. తాతయ్య ఆయన్ని కౌగిలించుకుని, ఎడమవైపు కుర్చీ చూపించారు.

"అన్నా, ఇది చెప్పకుండా రేపు మీతో వేదిక ఎక్కలేను," అన్నారాయన చేతులు నలుపుకుంటూ. "ఆ రోజు మీ కందకం మీద పేల్చిన ఫిరంగి నాదే."

"అవునవును, శాంతే ముఖ్యం," అన్నారు తాతయ్య తల ఊపుతూ.

వచ్చినాయన కళ్ళు తుడుచుకున్నారు. క్షమ ఇంత చవగ్గా దొరుకుతుందని ఊహించి ఉండరు.

గుమ్మంలో టీ ట్రేతో నేను. పెద్దవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. టీ ఎక్కడ పెట్టాలో మాత్రం నా ఇష్టం. వచ్చినాయన కప్పు తీసుకెళ్ళి తాతయ్యకి కుడివైపు, కిటికీ దగ్గర పెట్టాను. పాపం, టీ కోసం లేచి అటెళ్ళి కూర్చున్నారు.

"తాతయ్యకి ఎడమవైపు వినపడదండీ," అన్నాను నేలకేసి చూస్తూ. "ఇప్పుడు మళ్ళీ చెప్పండి."

ఆ ఏడాదిలో నేను చేసిన అతి పెద్ద ప్రసంగం అదే.

చెప్పారు. తాతయ్య తల ఊగడం ఆగిపోయింది.

"అదేం గురి నాయనా!" అంది నానమ్మ వంటింట్లోంచి. "ఇంకాస్త చూసి కొట్టుంటే ఈయనతో నాకీ చాకిరీ తప్పేది!"

ఎవరూ నవ్వలేదు. తాతయ్య లేచి, గోడమీది ఫొటో దింపి, అద్దం చొక్కాతో తుడిచి, ఆయన ఒళ్ళో పెట్టారు.

"వీడే. ఈల భలే వేసేవాడు. చూడు."

టీ చల్లారిపోయేదాకా ఆయన చూస్తూనే ఉన్నారు.

మర్నాడు సభలో తాతయ్య పాత ప్రసంగం చెయ్యలేదు. "సైన్యాన్ని క్షమించాను. ఈయన్ని ఇంకా లేదు. ప్రయత్నిస్తున్నాను," అన్నారంతే. చప్పట్లు పెద్దగా పడలేదు.

కూర్చోబోయే ముందు మాత్రం తాతయ్య ఆ ఫిరంగి తాత కుర్చీని తనే లాగి, తన కుడివైపు వేసుకున్నారు.