తలుపు తీసింది అన్నే

ఇంగ్లీషువాడికి బ్రదర్ అంటే సరిపోతుంది. పెద్దవాడా చిన్నవాడా అనే బాధ వాడికి లేదు. తెలుగులో అలా కుదరదు, నోరు తెరిచామంటే అన్నో తమ్ముడో తేల్చి చెప్పాల్సిందే. నతానియేల్‌కి ఆ నవల మొదటి పేజీలోనే ఈ చిక్కు వచ్చిపడింది. తేల్చడానికి అతనికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

గచ్చిబౌలిలో కథలు చదివి వినిపించే ఒక యాప్ వాళ్లు ఇచ్చిన పని అది. కత్తులు, కోటలు, మంత్రగాళ్లు ఉన్న లావుపాటి ఇంగ్లీషు నవలని నలభై భాగాలుగా తెలుగు చెయ్యాలి. కథ రోడ్రిన్, కేల్ అనే ఇద్దరు అన్నదమ్ములది. శత్రువుల వైపు ఒక మాంత్రికుడున్నాడు. కోట తలుపుని ఆ వంశంలోవాడే ఎవడో ఒకడు లోపలినుంచి తెరిస్తే తప్ప వాడి మంత్రం పారదు. యుద్ధం మధ్యలో కేల్ వెళ్లి ఆ తలుపు తీస్తాడు, రోడ్రిన్ బందీ అయిపోతాడు. ఇద్దరిలో పెద్దవాడెవరో రచయిత చెప్పలేదు. పుస్తకం చివరిదాకా చదివాకే కలం పట్టాలని ఏ అనువాదకుణ్ణి అడిగినా చెబుతాడు. ఏ వారం పని ఆ వారం గట్టెక్కించే నతానియేల్‌కి అంత ఓపిక ఎక్కడిది? తలుపు తీసిన కేల్‌ని అన్నని చేసేశాడు.

ఎందుకు చెయ్యడు? అతని అన్న శామ్యూల్ చేసిందీ అదే కదా. ఇద్దరూ ఒకే కంపెనీలో పనిచేసేవారు. శామ్యూల్ టీమ్ లీడ్, నతానియేల్ ఆ టీములోనే ఒకడు. రెండేళ్ల క్రితం ఉద్యోగాలు తీసేసే రోజులొచ్చినప్పుడు ఒక్కో లీడ్ ఒక్కో పేరు ఇవ్వాలన్నారు. శామ్యూల్ తమ్ముడి పేరు ఇచ్చాడు. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అంతకుముందు ఏడాదిపాటు తను ఎగ్గొట్టిన పనంతా అన్నే కూర్చుని పూర్తిచేసేవాడన్న సంగతి నతానియేల్ ఎవరికీ చెప్పడు, తనకి తాను కూడా చెప్పుకోడు. అతనికి కావలసింది ఒక్కటే. అన్న వచ్చి, తప్పు చేశానురా అనాలి.

తల్లి దీనమ్మ నిజాంపేటలో పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రగతి నగర్ వచ్చి చిన్నకొడుకు ఇంట్లో భోంచేస్తుంది. మంత్రాల కథలు మనకెందుకురా అని సణుగుతూనే ఒక ఆదివారం ఆవిడ అసలు కబురు చెప్పింది. శామ్యూల్ ఆఫీసు బస్సులో రోజూ ఆ కథే వింటున్నాడట. నతానియేల్‌కి ప్రాణం లేచొచ్చింది. మర్నాటినుంచి రోడ్రిన్ ఇంగ్లీషులో ఒక మాట అంటే తెలుగులో నాలుగు అనేవాడు. "నడక నేర్పిన చెయ్యే నన్ను తోసేసింది, అన్నయ్యా" అని ఏ రాజకుమారుడూ అనలేదు. ఆ మాట ప్రగతి నగర్‌లో పుట్టింది.

ముప్పై తొమ్మిది భాగాలు జనంలోకి వెళ్లిపోయాక అతను చివరి అధ్యాయం తెరిచాడు. చెరసాలలో ఉన్న రోడ్రిన్‌ని చూడ్డానికి, వాళ్లిద్దర్నీ పెంచిన ముసలి ఆయా వస్తుంది. "కేల్ పుట్టిననాడు నీకు నాలుగేళ్లు. నువ్వు వాణ్ణి ఎత్తుకుని మోసినంతకాలం వాడికి నీ విలువ తెలియలేదు. దించిననాడు మాత్రం పగబట్టాడు" అంటుంది.

అంటే తలుపు తీసింది తమ్ముడు.

నతానియేల్ దిద్దడానికి ప్రయత్నించకపోలేదు. అన్న అని ఉన్నచోటల్లా తమ్ముడు అని మార్చమని కంప్యూటర్‌కి చెప్పాడు. అది చెప్పింది చెప్పినట్టే చేసింది. సైనికులు తినే అన్నం కాస్తా తమ్ముడుం అయింది. అన్నాడు, అన్నది, అన్నారు, ఏదీ మిగల్లేదు. తల పట్టుకుని, యాప్‌లో ఈ కథ చూసుకునే హరితకి ఫోన్ చేశాడు.

"ముప్పై తొమ్మిది పోయినయ్ సార్, మళ్ల రికార్డింగ్ అంటే పరేషానే," అంది హరిత. "ఆఖర్ల మీది తప్పయిందని రెండు ముక్కలు చెప్పుండ్రి. లేకుంటే ఆ ముసలమ్మ మాట తీసెయ్యుండ్రి. మీ ఇష్టం."

ఇష్టం అతనికే వదిలేసింది, అదే కొంప ముంచింది. తప్పయిందని ఒప్పుకోవడం ఆ ఇంట్లో అన్న వంతు కానీ తనది కాదు. ఆయా మాట తీసేశాడు. తీసేసి ఊరుకున్నాడా? దాని బదులు, తమ్ముణ్ణి అమ్ముకున్నవాడు అన్నే కాదని ఆయా చేత శాపనార్థాలు పెట్టించాడు.

చివరి భాగం గురువారం వచ్చింది. శనివారం పొద్దున్నే శామ్యూల్ ఫోన్ చేశాడు. ఆ పేరు చూసి నతానియేల్ లేచి నిలబడ్డాడు. రెండేళ్లుగా ఎదురుచూసిన మాట వచ్చేస్తోందనుకున్నాడు.

"ఇరవయ్యో భాగం దగ్గర ఆగలేక ఇంగ్లీషు పుస్తకం కొనుక్కుని చదివేశాన్రా," అన్నాడు శామ్యూల్.

అన్న మాటల్లో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. తమ్ముడు చూసుకోక పొరబడ్డాడని శామ్యూల్‌కి అప్పుడే అర్థమైందట. చివరికి వాడికే తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తాడో చూద్దామనుకున్నాడట. ఆనాడు తమ్ముడి పేరు ఇచ్చింది మాత్రం తన తప్పేనట. ఆయా మాట ఉన్నదున్నట్టు వినబడితే ఆ సాయంత్రమే అమ్మని వెంటబెట్టుకుని వచ్చి క్షమించమని అడుగుదామనుకున్నాడట.

"ఇప్పుడు రా అన్నయ్యా," అన్నాడు నతానియేల్.

"నిన్ను మోశానన్న ఒక్క మాట కూడా నువ్వు ఉండనివ్వలేదు కదరా. ఇంకేం మొహం పెట్టుకుని రాను? తలుపు తీసింది నేనే. అలాగే ఉండనీ."

అంతే, పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు. నతానియేల్ హరితకి చేసి, చివరి భాగం తీయించి అసలు మాట పెట్టిద్దామని బతిమాలాడు. ఎందుకు సార్, జనం ఆ అన్నని తిట్టుడు మస్తుగుంది, గిదే ఉండనీయుండ్రి అని ఆమె సంబరంగా చెప్పింది.

అతను యాప్ తెరిచి ఆ తిట్లు ఒక్కొక్కటే చదివాడు. వందల కొద్దీ ఉన్నాయి. అవి ఎవరికి తగలాలో తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఇద్దరే. ఆ ఇద్దరికీ మాటల్లేవు.