అయిదో అంతస్తు, నడిమి గది

జయపాల్ ఓడ పటాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టాడు. స్టేప్లరు, జిగురు సీసా, ఫోను, నాలుగోది ఆ పొద్దున భార్య తెరేసమ్మ సంచీలో పడేసిన అల్లం మురబ్బా డబ్బా. ఓడలో వాంతులు కాకుండా ఉంటుందని కొన్నదట. ఒకటి సరిపోతుందో లేదో ఆఫీసులో కనుక్కోమంది. మన గదికి దీని అవసరమే లేదని అతను ఇంటి దగ్గరే చెప్పాడు. వినలేదు.

వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు పైన రెండు గదుల ట్రావెల్స్ ఆఫీసు అది. రోడ్డు వైపు కిటికీ, ఏసీ, తూర్పు ముఖంగా కుర్చీ ఓనరు భానుమూర్తివి. డాబా మెట్ల కింద కిటికీ లేని మూల జయపాల్‌ది. పందొమ్మిదేళ్ళుగా ఆ మూలలో, ట్యూబులైటు కింద కూర్చుని, సముద్రం మీద గదులు అమ్ముతున్నాడు. అతను ఎక్కిన అతి పెద్ద ఓడ భవానీ ద్వీపానికి వెళ్ళే లాంచీ.

అయినా ఓడ గురించి అతనికి తెలిసినంత అందులో తిరిగొచ్చినవాళ్ళకి కూడా తెలియదు. పైకి పోయేకొద్దీ, ముందుకు పోయేకొద్దీ ఊపు ఎక్కువ. ధరా ఎక్కువే. ఈత కొలను కింద గది తీసుకుంటే తెల్లవారుజామునే నెత్తిమీద కుర్చీలు ఈడుస్తారు. వెనక కొసన ఇంజను దడ. కింది అంతస్తుల్లో, ఓడకి సరిగ్గా నడుమ, కిటికీ లేని గది అన్నిటికన్నా చవక, గ్లాసులో నీళ్ళు తొణకవు. ఇది చెబితే ఒక్కడు వినడు. బాల్కనీ లేదా అంటాడు. ఫొటో ఎక్కడ తీసుకోవాలా అన్నదే వాళ్ళ బెంగ. రెట్టింపు డబ్బు పోసి వాంతులు కొనుక్కునే జాతి అని జయపాల్ వాళ్ళందర్నీ ఒకే గాటన కట్టేశాడు. ఆ చిన్నచూపే అతని ఆస్తి. జీతం మీద బతికింది తక్కువ, దాని మీద బతికింది ఎక్కువ.

ఏడాదిలో ఇన్ని గదులు అమ్మిన ఆఫీసుకి ఓడ కంపెనీ కిటికీ లేని లోపలి గది ఒకటి ఉచితంగా ఇస్తుంది. ప్రతి ఏడూ అది భానుమూర్తి బావమరుదుల్లో ఎవడో ఒకడికి పోయేది. ఈసారి బావమరుదులు అయిపోయారో ఏమో, జయపాల్‌కి ఇస్తానన్నాడు. అయిదో అంతస్తు, 5140. జయపాల్ తనే ఏరుకుని, పటంలో ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టుకున్నాడు. విశాఖ నుంచి అయిదు రోజులు. తెరేసమ్మ బందరు సముద్రం తప్ప ఇంకోటి ఎరగదు. రెండు నెలలుగా చర్చిలో పక్కన కూర్చున్న ప్రతి మనిషికీ ఆ నంబరు చెబుతోంది. పేర్లు ఎక్కించడానికి ఆ సాయంత్రం అయిదింటికి గడువు. దానికి ఓనరు పాస్‌వర్డ్ కావాలి, ఓనరు పదకొండింటికి గానీ రాడు.

పదకొండింటికి ఓనరుతో పాటు ప్రద్యుమ్న వచ్చాడు. ఇబ్రహీంపట్నం వైపు ప్లాట్లు వేసి అమ్మే మనిషి. వెనకే మెట్లెక్కిన ఆయాసంతో వాళ్ళమ్మ హైమవతి, రిటైరైన టీచరు. పోయినేడు ప్రద్యుమ్న ఓడ పటాన్ని తన వాస్తు పండితుడికి చూపించాడు. ఆ మహానుభావుడు ఓడని రెండు వందల గజాల స్థలం అనుకుని, ముందు కొస తూర్పని ఖాయం చేసి, పదకొండో అంతస్తులో ఎడమ చేతి ముందు మూల ఈశాన్యమని తేల్చాడు. ఓడ తిరుగుతుందండీ, సాయంత్రానికి మీ ఈశాన్యం నైరుతి అవుతుందండీ అని జయపాల్ చెప్పబోతే, మీకు ఇవన్నీ తెలియవులే అన్నాడు. ఆ ఈశాన్యంలో తల్లీకొడుకులు రెండు రోజులు మంచం దిగలేదు.

ఈసారి కూడా అదే అంతస్తు అడిగాడు, కాకపోతే కుడివైపు. పండితుడు సవరించాడట. జయపాల్‌కి నవ్వొచ్చింది. కావలసినట్టే రాసిచ్చి పంపేద్దామనుకున్నాడు.

హైమవతి పటం మీదికి వంగింది. కళ్ళజోడు సర్దుకుని, అంతస్తుల్ని పైనుంచి కిందికి ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ వచ్చి ఆగింది.

"మీరైతే ఎక్కడ పడుకుంటారండీ?" అంది.

పందొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఏడో అంతస్తులో ఏదో ఒకటి చూపించి ఊరుకుంటే సరిపోయేది. కానీ వినేవాళ్ళు దొరక్క మగ్గిపోయిన పండితుడికి శ్రోత దొరికితే ఒళ్ళు తెలుస్తుందా? ఆవిణ్ణి కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. పెన్సిలు మీద అడ్డంగా ఆనించిన స్కేలు కొస మీద నీళ్ళ గ్లాసు పెట్టి ఎంత ఊగుతుందో, నడుమ పెట్టి ఎంత నిలకడగా ఉంటుందో చూపించాడు. ఆవిడ శ్రద్ధగా తలూపింది. ఇరవై నిమిషాలయ్యాక అతని వేలు దానంతటదే వెళ్ళి ఎర్ర సున్నా మీద ఆగింది.

"ఇదండీ. ఓడ మొత్తానికి ఇంతకన్నా మంచి గది లేదు."

"అయితే నాకు అదే తీసుకోరా," అంది హైమవతి కొడుకుతో.

జయపాల్ వేలు వెనక్కి తీసుకున్నాడు. అది అయిపోయిందన్నాడు. అలాంటివి ఇంకేమైనా ఉన్నాయా అని ప్రద్యుమ్న అడిగితే కంప్యూటరులో వెతికాడు, ఒక్కటీ లేదు. భానుమూర్తి తన గదిలోంచి వచ్చి, అతని భుజం మీదుగా పటంలోకి చూశాడు.

"అది మీదేగా. పెద్దావిడ అడుగుతున్నారు, ఇచ్చెయ్యండి. మీకేముంది, వచ్చే ఏడు చూద్దాం."

ఆ గది ఎవరిదో హైమవతికి అప్పుడు తెలిసింది. వద్దనబోయినట్టు నోరు తెరిచింది. పటం వైపు చూసి మూసుకుంది. అంత బాగా చెప్పించుకున్నాక ఎవరు మాత్రం వద్దంటారు? ఆవిడ పేరు జయపాలే టైపు చేశాడు, ఒక్క అక్షరం తప్పు లేకుండా. పైన ముందు గదిని ప్రద్యుమ్న తనకి అట్టే పెట్టుకున్నాడు.

నాలుగింటికి తెరేసమ్మ ఫోను చేసింది. దుప్పట్లు మనమే పట్టుకెళ్ళాలా, వాళ్ళిస్తారా అని. మనం వెళ్ళడం లేదని చెప్పి, జరిగింది చెప్పాడు.

"బాగుంటుందని మీరే చెప్పారా వాళ్ళకి?"

ఊఁ అన్నాడు. ఇంతకాలం డబ్బిచ్చి వాంతులు కొనుక్కునేవాళ్ళని చూసి నవ్వాడు. తను ఇరవై నిమిషాల మెప్పుకి పెళ్ళాం గదిని అమ్మేశాడు. ఆ జాతిలో అందరికన్నా వెధవ తనేనని తేలింది. ఇన్నేళ్ళ ఆస్తీ ఒక్కపూటలో పోయింది.

అయిదు దాటాక కంప్యూటరు ఆపాడు. డ్రాయరు తాళంచెవి భానుమూర్తి బల్ల మీద పెట్టి, వెళ్తానండీ అన్నాడు. భానుమూర్తి ఫోనులోంచి తలెత్తకుండా చెయ్యి ఊపాడు. జయపాల్ మెట్లు దిగి, స్టీలు బిందెలు దించుతున్న తోపుడు బళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. తర్వాత కూడా రాలేదు. తాళంచెవి ఎందుకిచ్చాడో భానుమూర్తికి నాలుగో రోజుకి గానీ అర్థం కాలేదు.

ఇప్పుడు మెట్ల కింద మూలలో ఉషశ్రీ అనే అమ్మాయి కూర్చుంటోంది. ఎవరు ఎక్కడ అడిగితే అక్కడ రాస్తుంది, నోరెత్తదు. పటం పరిచినప్పుడల్లా నాలుగో మూల లేవకుండా, మూతకి చుట్టిన ప్లాస్టిక్ కూడా విప్పని అల్లం మురబ్బా డబ్బా ఒకటి పెడుతుంది.